గ్లెనిస్ బాయిలర్‌కు నీళ్ల పరీక్ష

పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే రాచ్‌డేల్ ఊరి బుల్లి ఆవిరి ఇంజన్ల క్లబ్బులో గ్లెనిస్‌ది ఒకటే పని, టీ కాచడం. బడి వంటగదిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి ఉండగా ఇంకెవరు కాస్తారని అక్కడి మగవాళ్ల ధీమా. ఆ ధీమా చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. అందుకే అధ్యక్షుడు డెస్మండ్ పక్కన పడేసిన పాత ఇంజన్ని కొనుక్కుంది. జనం చూడవచ్చే ఈ ఆదివారం దాన్ని తనే పట్టాల మీద నడిపి తీరాలని ఆమె పంతం.

తీరా ఆ పొద్దున చూస్తే బాయిలర్ పరీక్ష పత్రానికి ఎప్పుడో గడువు తీరిపోయింది.

"పరీక్ష కాందే నిప్పు పెట్టను" అంది.

డెస్మండ్ నవ్వాడు. "నా చేత్తో కట్టిన బాయిలరమ్మా అది! ఇరవై ఏళ్లు తోలాను. భయమైతే చెప్పు, నేను తోలతా. నువ్వెళ్లి టీ సంగతి చూడు."

"భయమే. మీకు లేదుగా, అదే నా భయం."

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. పరీక్షలు చేసే వాల్టర్ మాత్రం డెస్మండ్ వైపు చూశాడు.

"పంపు తెండి వాల్టర్ గారూ. లేకపోతే ఇవాళ ఎవరికీ టీ లేదు."

ఆ దెబ్బకు పంపు వచ్చింది. లోపల గాలన్నది మిగలకుండా చన్నీళ్లు నింపారు. చన్నీళ్లయితే అతుకు విడినా కారి ఊరుకుంటాయి, ఆవిరైతే మనిషిని దక్కనివ్వదు. పంపు కొట్టేకొద్దీ ఒత్తిడి చూపే ముల్లు మామూలుకు ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కి నిలబడింది. "చూశావా?" అన్నాడు డెస్మండ్. అంతలోనే ముల్లు జారింది. బొగ్గు మండే నిప్పుపెట్టె అతుకు దగ్గర నీళ్లు బొట్లుబొట్లుగా కారాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గెలిచానన్న సంతోషం గ్లెనిస్‌కూ లేదు, ఇంజను ఇక ఈ ఏడాది నడవదు.

"పాపం, నీ ముచ్చట తీరలేదే" అంటూ డెస్మండ్ తన పెద్ద ఇంజను వైపు నడిచాడు. అది అప్పటికే బుసకొడుతోంది. వెనక పెట్టెల్లో పిల్లలు ఎక్కి కూర్చున్నారు.

"ఆగండి! అదీ మీ చేత్తో కట్టిందేగా? దాని పత్రం మీద సంతకం ఎవరిది?"

డెస్మండ్ ముఖం కందగడ్డయింది. తన బాయిలర్ని తనే పరీక్షించుకోకూడదన్నది ఆ క్లబ్బు మొదటి నియమం. రాసింది అతనే.

"నాదే" అన్నాడు మెల్లగా. పిల్లల్ని తనే దింపాడు. ఇంజన్లో మండుతున్న నిప్పంతా కిందికి లాగేశాడు.

గ్లెనిస్ తన ఏప్రన్ విప్పి అతని చేతిలో పెట్టింది.

"మీ ఇంజను చల్లారేలోగా టీ పెట్టండి. చల్లారాక దాని పరీక్షకు పంపు నేను కొడతాను."