రంగు తాగే పొట్టు

అద్దకం మేస్త్రి కార్ఖానా నీళ్ళు రోజుకో రంగులో వీధి కాలువలోకి పారేవి. ఇరవై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున్నే, కాలువ దిగువన కూరగాయలు పండించే తోటమాలి బకెట్ నిండా ఎర్రటి నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఇవి పోసి పెంచిన వంకాయ నువ్వు తింటావా మేస్త్రీ?"

మేస్త్రి బకెట్ పక్కకి జరిపి లోపలికి వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి నీటి పరీక్షల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. రెండు నెలల్లో నీళ్ళు బాగుచేయకపోతే కార్ఖానాకి తాళం. మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

అతని భార్య రంగు చెంబుల్ని పొయ్యిలో మాడిన వేరుశనగ పొట్టుతో తోమేది. ఆ పొట్టు ఉండిపోయిన ఒక చెంబులో మిగిలిన నీలం నీళ్ళు మర్నాటికి తేటపడటం ఆమె కంటపడింది. వెంటనే తమ్ముడు నడిపే కాయలు ఒలిచే మిల్లుకి వెళ్ళింది.

"నాలుగు బస్తాల పొట్టు కావాలిరా."

"బావకి పిచ్చి ముదిరిందనుకున్నా. నీకూ అంటిందా అక్కా?"

"వాగకుండా బండికెత్తు."

తొందరలో పచ్చి పొట్టే నీళ్ళలో వేసి చూసింది. నీళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. "టీ బాగా మరిగింది, పంచదార వేస్తావా?" అన్నాడు మొగుడు. చెంబులు తోమింది మాడిన పొట్టుతో కదా అని ఆమెకి గుర్తొచ్చింది. పొట్టుని డ్రమ్ములో కాల్చింది. మూత సందుల్లోంచి గాలి దూరి అంతా బూడిదైంది. ఈసారి మూత చుట్టూ మట్టి మెత్తింది. నల్లటి బొగ్గు దిగింది. కడిగి, రవ్వలా దంచి, అడుగున చిల్లున్న డ్రమ్ములో ఇసుక మీద పరిచి నీలం నీళ్ళు పోసింది. కింద నుంచి తేట నీళ్ళు వచ్చాయి!

ఎరుపు మాత్రం మూడు వారాలు మొండికేసింది. అప్పుడు మేస్త్రికే తట్టింది.

"ఎరుపు పట్టడానికి సోడా వేస్తాం కదే! ఆ సోడా నీళ్ళలోనే ఉండి రంగుని బొగ్గుకి అంటనివ్వడం లేదు. పులుపు పడితే విరుగుతుంది."

వెనిగర్ కలిపి పోశారు. ఎరుపు పోయింది. పులుపు చంపడానికి ఆ తర్వాత పెట్టిన ఇంకో డ్రమ్ములో సున్నపురాళ్ళు వేశారు.

గడువునాటికి వచ్చిన అధికారిణి సీసాలో నీళ్ళు పట్టి పరీక్షించింది.

"రంగు పాసయింది. అద్దకంలో వాడే ఉప్పు ఇంకా ఎక్కువే, దానికి ఆరు నెలలు ఇస్తున్నా. రంగు పట్టిన బొగ్గు ఏం చేస్తున్నారు?"

"ఇటుకల బట్టీ వాళ్ళు తీసుకెళ్తున్నారండీ," అంది ఆమె.

"ఇదంతా కట్టిన ఇంజనీరు ఎవరు? కాగితంలో రాయాలి."

"ఇంజనీరు ఎవరూ లేరండీ. మేస్త్రి భార్య అని రాసుకోండి."

"అలా రాయకండి," మేస్త్రి అడ్డం వచ్చాడు. "నేను రంగుల మేస్త్రిని. ఈవిడ నీళ్ళ మేస్త్రి. అదే రాయండి."

ఆమె తలవంచుకుంది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

నెల తిరక్కుండానే పక్క వీధుల అద్దకం వాళ్ళు నలుగురు వెతుక్కుంటూ వచ్చారు. "నీళ్ళ మేస్త్రి ఉన్నారా?" అని అడిగితే, మేస్త్రి ఛాతీ విరుచుకుని దారి చూపించాడు.

ఆమె వాళ్ళ తెల్లచొక్కాల వంక ఎగాదిగా చూసింది.

"ముందు చొక్కాలు విప్పి రండి. మసి పని ఇది."