బొట్టు పెట్టిన గ్యాస్కెట్

నేను ఒక హెడ్ గ్యాస్కెట్‌ని. ఇంజన్ ఆగితే చాలు, "గ్యాస్కెట్ పోయిందేమో" అనని మనిషి లేడు. గ్యాస్కెట్ అంటే ఏమిటని అడిగితే మాత్రం అందరూ తల గోక్కుంటారు. ఇక నేనే చెప్పుకోవాలి, నా ఖర్మ! సిలిండరుకీ దాని మీది మూతకీ నడుమ నలిగే పల్చటి రేకును నేను. లోపలి మంట బయటికి రాకుండా, చుట్టూ తిరిగే నీళ్లు లోపలికి పోకుండా కాపలా కాస్తాను. ఆ నీళ్ల దారికి నా ఒంట్లో రంధ్రాలున్నాయి. నన్ను తిరగేసి బిగిస్తే అవి మూసుకుపోతాయి. అందుకే ఫ్యాక్టరీలో నా మీద ఇంగ్లీషులో 'టాప్' అని అచ్చు గుద్దారు. ఈ వైపు పైకి ఉండాలని దాని అర్థం.

అవనిగడ్డలో ఒక కొట్లో రెండేళ్లు మేకుకు వేలాడాక తులశమ్మ నన్ను కొన్నది. ఆమె పొలం కాలువ చివర ఉంది. వరి చేను పొట్ట మీదుంది. ఆమె వంతు నీళ్లు ఆ సాయంత్రం వరకే, తర్వాత లాకులు దించి నీళ్లు కట్టేస్తారు. కాలువ నీళ్లు తోడే ఇంజనేమో మొరాయించి కూర్చుంది.

కొత్త సామాను ఏదైనా బొట్టు పెట్టనిదే ఆమె బిగించనివ్వదు. నాకూ పెట్టింది, అక్షరాలు లేని వైపున. మెకానిక్ నాంచారయ్య నన్ను అందుకున్నాడు.

"బొట్టున్న మొగం కిందకెట్టా పెడతాం అక్కా!" అంటూ ఆ వైపే పైకి పెట్టి బిగించేశాడు.

ఓరి నాయనా, ఒక్కసారి వెనక్కి తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయింది? అరుద్దామంటే నాకు నోరేది?

ఇంజన్ పావుగంట ఆడింది. చేలోకి పారే బోదెలో నీళ్లు చూసి తులశమ్మ దణ్ణం కూడా పెట్టుకుంది. అంతలో ఆవిరి బుస్సుమంది, పిస్టన్ పట్టేసింది. మూత విప్పితే నేను మాడిపోయి బయటపడ్డాను. నాంచారయ్య నన్ను తిప్పి, అక్షరాలు కూడబలుక్కున్నాడు. మొహం మాడిపోయింది.

"ఏం రాసుంది తమ్ముడూ?"

"కంపెనీ పేరక్కా. ఈళ్ల సరుకంతా నాసిరకమే."

కాలిన ఒళ్లు మళ్లీ మండింది నాకు.

తులశమ్మ చీర ఎగదోపుకుని, బకెట్ పట్టుకుని కాలువలోకి దిగింది. ఎకరన్నర చేనుకు బకెట్లతో నీళ్లు! నాంచారయ్య కాసేపు గట్టు మీదే నిలబడి, తర్వాత తనూ ఓ బకెట్ తీసుకుని దిగాడు. లాకులు దించేసరికి రెండు మళ్లు తడిశాయి.

"దేవుడల్లే వచ్చావు తమ్ముడూ," అంది ఆమె.

నాంచారయ్య తల వంచుకుని, కాలువ అడుగున మిగిలిన నీళ్లలో బకెట్ ముంచాడు.