నాలుగు ఖాళీ వరుసలు

బర్డ్ ఫ్లూతో టర్కీ కోళ్లన్నీ పోయి ఆరు రోజులైంది. అయినా ఆర్లిస్ ఆ పొద్దున కూడా షెడ్డు గుమ్మంలో తొట్టి కడిగి, బూట్లు ముంచే మందునీళ్లు కొత్తగా కలిపింది. కలిపాక గుర్తొచ్చింది, లోపల కాపాడుకోవాల్సిన ప్రాణి ఒక్కటీ లేదని. పదకొండేళ్ల అలవాటు, చేతులు ఊరుకోలేదు. తొట్టి పక్కన నేల మీద ఎర్రగీత, గీత మీద బల్ల. బయటి బూట్లు ఇవతల విప్పి, బల్ల మీద కూర్చుని కాళ్లు అటు తిప్పి, లోపలి బూట్లు తొడుక్కున్నాకే అవతల అడుగు పెట్టాలి. ఆ గీతకి ఏటా రంగు వేసేది ఆమే. షెడ్డు బట్టలు ఉతికేది ఆమే. ఎవరొచ్చారో, తొట్టి ఎప్పుడు మార్చారో పుస్తకంలో రోజుకో వరుస రాసేదీ ఆమే. రాసి, చివర మొగుడి పేరు పొడి అక్షరాలు సంతకంగా పెట్టేది. ప్రభుత్వ కాగితాల్లో ఈ జాగ్రత్తలన్నిటికీ బాధ్యుడు కర్టిస్ కదా!

"నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నాది కోడి కెలికినట్టుంటుంది. నువ్వే రాసెయ్," అన్నాడు మొదటిరోజు నవ్వుతూ. మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయింది, పిచ్చిది.

రెండేళ్ల కిందట ఈ జబ్బే వస్తే ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. రెండోసారి ఊరికే ఇవ్వరు. ఆడిటరు వచ్చి షెడ్డూ పుస్తకమూ చూసి, నియమాలన్నీ పాటించారని రాస్తేనే ఇస్తారు. ఆ డబ్బు రాకపోతే షెడ్లూ ఇల్లూ బ్యాంకు పాలు. ఆడిటరు ఇవాళే వస్తోంది. పుస్తకంలో చూస్తే అక్టోబరు నాలుగు నుంచి ఏడు దాకా నాలుగు వరుసలు ఖాళీ.

ఆ నాలుగు రోజులూ ఆర్లిస్ ఆసుపత్రిలో గర్భసంచి తీయించుకుని పడుంది. రెండేళ్లుగా రక్తం పోతున్నా ఆ ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేసుకుంది. "ఈ బ్యాచ్ వెళ్లిపోనీ," అనేవాడు కర్టిస్. బ్యాచ్ వెళ్లేది, వారం తిరక్కుండా కొత్త కోడిపిల్లలు దిగేవి. అత్తగారు వెర్నా అయితే, "కర్టిస్ పుట్టిన మూడోనాడు నేను లేచి ఆవుల పాలు పితికాను," అని కాఫీ చప్పరించేది. పితికావులే తల్లీ, నిన్ను మాత్రం ఎవరు పడుకోనిచ్చారు కనక అనుకునేది ఆర్లిస్, పైకి అనకుండా.

ఇంటికొచ్చిన సాయంత్రం కుట్లు చేత్తో పట్టుకుని మెల్లగా షెడ్డుకి వెళ్లింది. తొట్టిలో నీళ్లు తను పోసి వెళ్లినవే, పైన ఈగలు తేలుతున్నాయి. ఎర్రగీతకి అవతల బురద అడుగులు. ఆ బురదలో చెరువు గట్టు రెల్లు నూగు. బాతుల వేటకి దిగిన బూట్లతోనే గీత దాటేశాడు మహానుభావుడు! ఆ బాతుల రెట్టలోనే జబ్బుందని మిన్నెసోటాలో చంటిపిల్లని లేపి అడిగినా చెబుతుంది.

"నీళ్ల పైపు అలారం మోగింది, పరిగెత్తాను. ఒక్కసారికి ఏం మునిగిపోయింది?" అన్నాడు.

ఆమె కుట్లు లాగుతుంటే వంగి ఆ బురద తుడిచింది. అడుసు తొక్కేది ఒకరు, కడిగేది ఒకరు. తప్పుని కప్పేసిన ఆ తుడవడమే ఇప్పుడు ఆమెని లోపల్లోపల కోస్తోంది. తొమ్మిదో తేదీకి టర్కీలు మెడలు వాల్చేశాయి. ప్రభుత్వం వాళ్లు వచ్చి మిగిలినవాటిని నురగలో ముంచి చంపారు. చివరి షెడ్డులో చప్పుడు ఆగిపోయినప్పుడు ఆర్లిస్ నేల మీద కూలబడి ఏడ్చింది.

గేటు దాటి ఎవరూ రాకూడదు కనక చర్చి ఆడవాళ్లు హాట్‌డిష్ అనే మాంసం కూర వండి ఉత్తరాల డబ్బా కింద పెట్టి పోయారు. పైన చీటీ: "కర్టిస్, నీ కష్టం చూడలేకపోతున్నాం. గిన్నె తిరిగివ్వక్కర్లేదు." ఆ కూర వేడి చేసి వడ్డించింది కూడా ఆర్లిసే.

నిన్న రాత్రి అది తింటూనే కర్టిస్ అడిగాడు. "ఆ నాలుగు వరుసలూ నింపేయ్. రోజూ రాసేదేగా."

"ఆ నాలుగు రోజులు తొట్టి మార్చావా నువ్వు?"

"అబ్బ, మళ్లీ మొదలెట్టకు! ఆ వారమే ఆపరేషన్ పెట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

"నాలుగు వరుసలకి చెయ్యేం అరిగిపోదు అమ్మాయ్," అంది వెర్నా ఇంకాస్త కూర వేసుకుంటూ. "మూడు తరాల పొలం ఇది."

తెల్లారి, తొట్టి పని అయ్యాక, ఆర్లిస్ బల్ల మీద కూర్చుని కలం తీసింది. రాయడానికే తీసింది, అబద్ధమెందుకు. పొలం పోతే తనూ రోడ్డు మీదే. పెళ్లయిన ఇరవై ఆరేళ్లూ ఇక్కడే అరిగిపోయింది. పాత పేజీలు తిరగేసింది. జ్వరం వచ్చిన రోజు, తన తల్లిని పూడ్చిన రోజు, మంచు తుపాను రోజు, ఒక్కటీ తప్పలేదు. అంతా తన రాతే, ఎక్కడా తన పేరు లేదు. చాలాసేపు చూసి, కలానికి మూత పెట్టేసింది.

పదింటికి ఆడిటరమ్మ వచ్చి వంటింట్లో కూర్చుంది. "ఒక్కరోజు కూడా తప్పలేదండీ, చూసుకోండి," అన్నాడు కర్టిస్ పుస్తకం ముందుకు తోసి. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ అక్టోబరు దగ్గర ఆగింది.

"ఈ నాలుగు రోజులూ ఖాళీగా ఉన్నాయేంటండీ?"

కర్టిస్ మొహం పాలిపోయింది. వెర్నా కప్పు కింద పెట్టింది. "మా ఆవిడ మర్చిపోయినట్టుంది," అన్నాడతను ఆర్లిస్ వంక గుడ్లురుముతూ. "ఇప్పుడు రాసేస్తుంది."

ఆర్లిస్ చేతులు ఒడిలో పెట్టుకుంది.

"మర్చిపోలేదండీ. ఆ నాలుగు రోజులు నేను ఆసుపత్రిలో ఉన్నాను, ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదు. మిగతా పదకొండేళ్లూ ఆయన పేరుతో సంతకం పెట్టింది నేనే, అదీ రాసుకోండి. ఇంత పుస్తకంలో నేనొకదాన్ని ఉన్నానని చెప్పేవి ఆ ఖాళీ వరుసలే. వాటిని మాత్రం నింపను."