నలుగురి ముందు తాగే మందు

నేను ఆకుతో మందు కనిపెట్టానని మా అమ్మ వీధంతా డప్పు కొట్టింది. నేనేమీ కనిపెట్టలేదు మహాప్రభో! ఆ ఆకులో ఒక పదార్థం ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు వైరస్ మీద వేస్తే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ పదార్థానికి ఒక పక్కన చిన్న తోక తగిలిస్తే మాత్రం, కొత్తగా పుట్టే వైరస్ పైపెంకు సరిగ్గా తయారవదు. పెంకు కుదరని వైరస్ ఇంకో కణం జోలికి పోలేదు. ఆ తోక ఎక్కడ తగిలించాలి, ఎంత పొడవుండాలి అని మా ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి జుట్టు పీక్కుంటున్నాం. మేం చేసిందేదీ ఇంకా గాజు పళ్ళేలు దాటి మనిషి దాకా రాలేదు. పైగా అది నీళ్ళలో కరిగి చావదు. ఎంత కలిపినా ఇసకలా అడుగున కూర్చుంటుంది.

ఇదంతా అమ్మకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ల్యాబ్ వెనక షెడ్డులో మొక్కలు ఎక్కువై పారేస్తుంటే, అమ్మకు మొక్కలంటే ప్రాణం కదా అని ఒక కుండీ తెచ్చి ఇచ్చాను. అక్కడ మొదలైంది నా ఖర్మ.

"ఏ జబ్బుకే ఇది?" అని అడిగింది.

"రక్తంలో చేరే ఒక వైరస్‌కి" అన్నాను.

అంతకుమించి నోరు తెరవలేను. ఎందుకంటే ఆ వైరస్ మా తమ్ముడి రక్తంలో ఉంది. హెచ్ఐవి. ఆ సంగతి వాడికీ, వాడి డాక్టరమ్మకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మతో ఒకే ఇంట్లో ఉంటూ, అమ్మకు తెలియకుండా రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం అమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఒక్క కుండీ కాస్తా వరండా నిండా అయింది. హాల్లో తమ్ముడు పెద్ద గ్లాసుతో ఆకుపచ్చటి కషాయం గటగటా తాగుతున్నాడు.

"అక్కా, నీ మందే!" అని గ్లాసు ఎత్తి చూపించాడు.

"వీడు పొద్దస్తమానం లిఫ్టులు బాగుచేసి నీరసంగా వస్తున్నాడు కదా. రక్తం పడుతుందని కాచి ఇస్తున్నా" అంది అమ్మ గర్వంగా. "ఇంకో రెండు గుక్కలుందిరా, మొత్తం తాగు."

రక్తం పట్టడం సంగతి అటుంచి, వాడి బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా వదులై వేలాడుతోంది. రెక్క పట్టుకుని మేడమీదికి లాక్కుపోయాను.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

వాడు నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు.

"నిన్నేరా!"

"ఆపేశా అక్కా. నీ మందు తాగుతున్నా కదా, రెండూ ఎందుకని..."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, అది మందు కాదురా! ఉడకబెట్టిన ఆకు! చేదు నీళ్ళు! మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ ఆ వైరస్ కిక్కురుమనకుండా పడుంది. ఆపితే మళ్ళీ లేస్తుంది. వేసుకుంటూ మానుతూ ఉంటే ఆ మాత్రలకే లొంగకుండా పోతుంది. డాక్టరమ్మ చెప్పిందా, లేదా?"

"చెప్పింది."

"తెలిసి తెలిసి చేశావా?"

"నువ్వు ఇన్నేళ్ళుగా ఆ ఆకునే పట్టుకుని వేలాడుతున్నావు. అందులో ఏమీ లేకుండానే వేలాడతావా?"

లేకే కదరా నాయనా, ఉండేట్టు చేద్దామని ఈ పాట్లన్నీ! పళ్ళు నూరుకున్నాను. వాడు గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ మాత్రలు ఎక్కడుంటాయో తెలుసా? పనిముట్ల సంచిలో, స్పానర్ల కింద. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో మింగుతా. ఇదైతే హాల్లో కూర్చుని తాగుతున్నా అక్కా. అమ్మ పక్కన కూర్చుని మొత్తం తాగు అంటుంది. నలుగురి ముందు తాగే మందు ఒకటి దొరికింది కదా అనిపించింది."

ఏడుపొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. వాడి మీద, అమ్మ మీద, నీళ్ళలో కరగని ఆ పాడు పొడి మీద కోపం.

మర్నాడు పని ఎగ్గొట్టి వాణ్ణి డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. ఆవిడ రక్తం తీయించి, తన ముందే మొదటి మాత్ర మింగించింది. వైరస్ విపరీతంగా పెరిగిందని తేలింది. పాత మాత్రలకు లొంగుతుందో లేదో తేలేదాకా నాకు కంటి మీద కునుకు లేదు. చివరికి ఆవిడ పిలిచి, ఇంకా లొంగుతోందని చెప్పింది.

"ఈసారికి గట్టెక్కావు బాబూ. ఇంకోసారి ఇలా చేస్తే నేను మాటివ్వలేను. దాక్కుని ఎన్నాళ్ళు వేసుకుంటావు?" అంది.

ఆ సాయంత్రం వాడితో పాటు నేనూ ఇంటికెళ్ళాను. భోజనాల బల్ల మీద కషాయం గ్లాసు సిద్ధంగా ఉంది.

"అమ్మా, నీకు దండం పెడతా, అది ఆపేయ్. అది మందు కాదు" అన్నాను.

"మందు కాకపోతే ఇన్నేళ్ళూ ఆ ల్యాబ్‌లో ఏం చేస్తున్నావే, గోళ్ళు గిల్లుకుంటున్నావా?"

తమ్ముడు లేచి వెళ్ళి, సంచిలోంచి మాత్రల సీసా తెచ్చి ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. సీసా నిండా గ్రీజు మరకలు.

"ఏంట్రా ఇవి?"

"నా మాత్రలమ్మా. నాకు హెచ్ఐవి ఉంది. అక్క మందు చేస్తున్నది ఆ వైరస్‌కే. అది ఎప్పటికొస్తుందో తెలీదు. ఇవి వేసుకుంటే బాగుంటా. ఆపేస్తే ఉండను. మధ్యలో ఆపేశా."

అమ్మ కుర్చీలో కూలబడింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మ సీసా తీసుకుని, గ్రీజంతా కొంగుతో తుడిచి, దూరంగా పట్టుకుని చదవబోయింది. అక్షరాలు ఆనలేదు.

"భోజనానికి ముందా, తర్వాతా?" అంది.

"తర్వాత."

"ఇన్నాళ్ళూ ఎక్కడ మింగావు?"

"బాత్‌రూమ్‌లో."

"కుళాయి నీళ్ళతోనా!" అని అప్పుడు ఏడ్చింది.

నేను లేవబోతే చేత్తో ఆపింది. తనే లేచి, కషాయం తీసుకెళ్ళి కుండీలో ఒంపేసింది. గ్లాసు వాసన పోయేదాకా తోమింది. మంచినీళ్ళు నింపి, వాడు తినడం అయ్యేదాకా కాచుకుని, మాత్ర వాడి చేతిలో పెట్టి పక్కన కూర్చుంది.

"మొత్తం తాగు" అంది.