ఏలూరు తివాచీ మీద చెంబెడు నీళ్ళు

నేను ఒక ఎర్ర తివాచీని. పుట్టింది ఏలూరులో, దావల్ సాహెబు మగ్గం మీద. నాకు ఉన్ని ఇచ్చిన గొర్రెలు ఆ చలికాలం వణకనే లేదట, గర్వంతోనే వెచ్చగా ఉన్నాయట. సాహెబే చెప్పాడు. ఆయన అన్నం మానినా మానతాడు గానీ గొప్పలు మానడు.

అక్కడినుంచి విశాఖ రేవుకు చేరాను. విదేశాల పెద్దలు ఓడ దిగితే మొదట తొక్కేది మన దేశాన్ని కాదు, నన్ను. కనుక దేశం పరువు మోసేది నేనే. మంత్రులూ మోస్తామంటారు లెండి. వాళ్ళు ఐదేళ్ళకోసారి మారిపోతారు, నన్ను దులిపితే చాలు. పెద్ద దేశం మడమ నొక్కి నడుస్తుంది. పొరుగు దేశం నవ్వుతూనే వస్తుంది, కానీ అడుగులు కొలుచుకుంటుంది.

ఒకసారి ఒక ద్వీపదేశపు అధ్యక్షుడు స్నేహ ఒప్పందానికి వచ్చాడు. స్వాగతానికి మత్స్యకార స్త్రీలను వరుసగా నిలబెట్టి, అలంకారంగా తలా ఒక ఇత్తడి చెంబు ఇచ్చారు. వాళ్ళలో గురమ్మ ఒకతె. ఆమె భర్త ఎర్రయ్య పడవ తుపానుకు కొట్టుకుపోయి ఆ ద్వీపం చేరితే, సరిహద్దు దాటాడని అక్కడివాళ్ళు జైల్లో పెట్టారు. ఆ సంగతి ప్రోటోకాల్ అధికారి సోమయాజులు అడగలేదు. చీర రంగు మాత్రం అడిగాడు. చెంబులు ఖాళీగా ఉంటాయనుకోవడం ఆయన రెండో పొరపాటు.

అధ్యక్షుడు నా మీద అడుగు పెట్టగానే గురమ్మ ముందుకొచ్చి ఆయన బూట్ల మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. తుపాకులు లేచాయి. సోమయాజులు ప్రాణం కూడా లేవబోయింది.

“ఏం పనమ్మా ఇది! దేశం పరువు తీశావు!”

“నిలబెట్టినాను బాబూ. సముద్దరం దాటొచ్చినోడి కాళ్ళకి నీళ్ళోసినాకే ఇంట్లోకి రమ్మంటాం. మా పేటలో సత్తురువుకైనా ఇదే.” అధ్యక్షుడి వైపు తిరిగింది. “మావోడూ మీ ఇంటికి సముద్దరం మీదే వచ్చినాడు. ఆడి కాళ్ళకి నీళ్ళోసినారా, గొలుసులేసినారా?”

దుబాసీ గొంతు సవరించుకుని, ఈమె స్వాగతం చెబుతోందని ఇంగ్లీషులో అన్నాడు.

“నాను అంత కురసగా సెప్పలేదు నాయనా! మొత్తం సెప్పు.”

చెప్పాడు. అధ్యక్షుడు తడిసిన బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో నడిచాడు. ఏ దేశమూ నన్ను అంత తేలిగ్గా తొక్కలేదు.

చర్చలు స్నేహపూరిత వాతావరణంలో జరిగాయని మర్నాడు పత్రికలు రాశాయి. వాతావరణం సంగతి నాకు తెలియదు, నేను మాత్రం తడిగా ఉన్నాను. మరక పడింది కనుక పరువుకు పనికిరానని గోదాములో పడేశారు. ఇప్పటికీ అక్కడే నా కాపురం.

అయితే ఒకరోజు, ముక్కిపోతున్నానని, నన్ను రేవులోనే ఎండలో పరిచారు. అప్పుడొక ఓడ వచ్చింది. బాజాల్లేవు, మంత్రుల్లేరు. విడుదలైన ఎర్రయ్య చిక్కిపోయి దిగాడు. నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు.

“తొక్కితే మళ్ళీ కేసెడతారేటి బాబూ?”

“రావయ్యా, నీకోసమే పరిచాం,” అన్నాడు సోమయాజులు. ఉద్యోగం మొత్తంలో ఆయన నెరపిన చక్కని దౌత్యం అదొక్కటే.

ఎర్రయ్య భయపడుతూనే నా మీదికి అడుగేశాడు. అవతలి అంచున గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఉండబట్టలేక కసిరింది.

“ఏటీ పెళ్ళినడక! బేగి రా, కూడు సల్లారిపోతంది.”