మసి కింద బాలకృష్ణుడు

రాజ్యలక్ష్మమ్మ బిడ్డ కోసం మొక్కుకున్నది గర్భగుడిలోని కేశవస్వామికి కాదు. మండపం పైకప్పుకు లోపలివైపు, పాతకాలపు రంగుల్లో గీసిన, ఆకు మీద పడుకుని కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్న బాలకృష్ణుడికి. లోపలి స్వామి చుట్టూ ఎప్పుడూ జనమే కాబట్టి, పైనున్నవాడికి తీరిక ఎక్కువ ఉంటుందని ఆమె నమ్మకం. మరుసటి ఏడు హరిత పుట్టింది. అప్పటి నుంచి ఆ బొమ్మకు సరిగ్గా కింద, నాపరాయి బండ మీద, ఆమె పెట్టిన దీపం ఆరకుండా వెలుగుతోంది. బనగానపల్లెలో వాళ్లది కిరాణా అంగడి కాబట్టి నూనెకు కొరత లేదు. పూజారి వేళకు పోస్తాడు.

దీపం ఆరితే బిడ్డకు కీడని ఎవరూ చెప్పలేదు. ఆమే అనుకుంది, అనుకున్నాక ఇక ఆ మాట వదల్లేదు. హరిత కర్నూలులో కాలేజీకి బస్సెక్కిన ప్రతిసారీ పూజారికి ఫోన్ చేసి, దీపం వెలుగుతోందని విన్నాకే కాఫీ తాగేది.

భక్తి పెరిగింది, దాంతోపాటే మసీ పెరిగింది. ముందు ఆకు నల్లబడింది, తర్వాత కాలు, ఆ తర్వాత మొహం. చివరికి మిగిలింది పెనం అడుగులాంటి మచ్చ. అయినా శనివారం శనివారం కూతుర్ని దాని కింద నిలబెట్టి వేలెత్తి చూపించేది.

"అదో, నిన్నిచ్చినోడు. కనపడతాండాడా?"

"కనపడతాండాడు మా."

చిన్నప్పుడు భయంతో, పెద్దయ్యాక అలవాటుతో హరిత ఆ మాటే చెప్పింది. ఊళ్లోవాళ్లూ అంతే. దేవుడు కనపడలేదని చెప్పి లేనిపోని పాపం నెత్తినేసుకునే తెలివితక్కువవాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఈ ఏడు ఆషాఢంలో కడప నుంచి ఆరాధన వచ్చింది. గుళ్లలో పాత బొమ్మలను శుభ్రం చేయడం ఆమె పని. పరంజా ఎక్కి టార్చి వేసి చూసి, దిగి వచ్చి చెప్పింది.

"ముందు ఈ దీపం తీయాలమ్మా. ఇది మండుతాంటే మేం తుడిచేదంతా దండగ."

"దీపం తీసేదే లేదు. కావాలంటే గుడి తీయి."

"ఆ మసంతా దీనిదేనమ్మా."

"మసి యాడుండాది? కృష్ణుడు నల్లగా కాక ఎట్లుంటాడు?"

ఆరాధన వాదించలేదు. "సరే, మొహం ఏ పక్కుండాదో చూపిచ్చండి. ఆడ కొంచెం తుడిచి చూద్దాం."

రాజ్యలక్ష్మమ్మ వేలెత్తింది. వేలు మచ్చ ఆ చివరి నుంచి ఈ చివరికి పోయి, ఎక్కడా ఆగక కిందికి దిగింది.

"నువ్వు చెప్పు పాపా. నీ కండ్లు మంచియి."

హరిత తల దించుకుంది. "నాకెప్పుడూ కనపడలేదు మా. నువ్వు అడిగితే అట్ల చెప్తాంటి."

తిడుతుందేమో అనుకుంది. తల్లి తిట్టలేదు. "నాకూ కనపడక శానా దినాలాయ," అంది నెమ్మదిగా. ఆమెకు సిగ్గేసింది. బిడ్డనిచ్చినవాడి మొహానికి తన చేత్తోనే మసి పూసింది.

వంగి దీపం అందుకుంది. హరిత సాయం రాబోతే వద్దంది. "పెట్టింది నేను, తీసేదీ నేనే."

అరచెయ్యి అడ్డం పెట్టుకుని మండపం దాటింది. బయట ఆషాఢం గాలి ఊళ్లో దుమ్మంతా ఎత్తి పోస్తోంది. రెండో మెట్టు మీద దీపం ఆరిపోయింది. లోపల నుంచి పూజారి అయ్యో అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ దీపం వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వెంటే వచ్చిన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ప్రాణం అరచేతిలోకి వచ్చింది. హరిత మొహం మీద జుట్టు ఎగురుతోంది, కళ్లలో దుమ్ము పడి నలుపుకుంటోంది.

"ఈడనే ఉండా కదా మా. చెయ్యి నొప్పెడతాంది, వదులు."

వదల్లేదు. అలాగే ధ్వజస్తంభం దాకా నడిపించుకుపోయి, దాని మొదట్లో గాలి తగలని మూలన దీపం దించి కూర్చుంది. పూజారి అగ్గిపెట్టె తెచ్చిస్తే, హరిత ఒంటిచేత్తోనే తంటాలు పడి పుల్ల గీసి దీపం వెలిగించింది.

కాసేపటికి లోపల నుంచి ఆరాధన కేకేసింది. "అమ్మా, కాలి వేలు బయటపడింది! వచ్చి చూడండి!"

రాజ్యలక్ష్మమ్మ లేవలేదు. కూతురి చెయ్యి మాత్రం వదిలింది.

"నువ్వు పోయి చూసి రా పాపా. ఈ తూరి నిజం చెప్పు."