తాళ్లు ఒరిసిన గీతలు

ఒక్క దెబ్బకే పడిపోతుందా, అది స్తంభమా అప్పడమా అని పోయిన శుక్రవారం అరిచింది నేనే, హమ్రియాలో మేముండే రూమ్‌లో, కమ్రాన్ ఆడే వీడియో గేమ్‌లో వాడి వీరుడు కత్తితో ఒక్కటి వేయగానే రోము గుడి స్తంభం పొడిపొడిగా రాలింది, ఆట కదన్నా, ఊరికే పడతాది, అన్నాడు కడప కమ్రాన్, ఆటైతే మాత్రం కట్టినవాడికి విలువ లేదా, ఆ గుడి నిజంగానే ఉంది, బౌషర్‌లో మేం కడుతున్న ఈ విల్లా ముందు అలాంటి స్తంభాలే కావాలని ఇంజనీరు ముర్తుజా సాబ్ ఫొటో చూపించాడు, ఎప్పటిదో గుడి, తర్వాత చర్చి అయిందట, పడగొట్టాలని ఎవరో స్తంభాలకు తాళ్లు కట్టి లాగితే కదల్లేదట, తాళ్లు ఒరిసిన గీతలు ఇంకా ఉన్నాయట, అదీ పనితనం, ఈ ఆటలు చేసేవాళ్లు జన్మలో తాపీ పట్టారా.

ఇప్పుడు ఈ ముర్తుజా సాబ్ నా స్తంభాన్ని గోరుతో గీకి, ఇసుక రాలుతుందేంది భూమేశ్ మేస్త్రీ, నీళ్లు కొట్టినవా లేదా, సచ్ బోల్, అంటాడు, అందరి ముందు, పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో తాపీ పట్టిన నన్ను, జగిత్యాలలో మా నాయిన కట్టిన గోడకు మేకు కొడితే మేకే వంగేది, ఒళ్లు మండిపోయింది, రోజూ కొట్టిన సాబ్, తాడు కట్టి గుంజుండ్రి, పడితే రేపే ఊరికి నా టికెట్ తియ్యిండ్రి, అనేశాను, తాడు నేనే చుట్టాను, ముడి నేనే వేశాను, చూడండిరా అని పంతంగా లాగాను.

ఒక్క గుంజుకే పడింది.

నోట్లో దుమ్ము, తిట్టేదైనా తిట్టడేం సాబ్, ఇదేం సిమెంటు, ఇదేం ఎండ, దిక్కుమాలిన ఎండ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎవరిమీద అరుస్తున్నాను, గురువారం కట్టిన స్తంభం, శుక్రవారం డ్యూటీ లేకపోయినా వచ్చి తడపాల్సింది, నాయిన పండుగనాడు కూడా ముందు గోడకు నీళ్లు కొట్టాకే అన్నానికి కూర్చునేవాడు, నేను ఏసీ కింద కాళ్లు చాపుకొని, ఎవడో గీసిన బొమ్మగుడి కూలిందని పొద్దంతా తిట్టాను, నాది ఇక్కడ ఎండిపోతుంటే, ఆటలో అయినా కత్తి కావాల్సి వచ్చింది, దీనిమీద తాడు గీత కూడా పడలేదు, గీత పడాలంటే స్తంభం నిలబడాలి కదా, శుక్కురారం నీళ్లు కొట్టలే సాబ్, అన్నాను, ఆయన మళ్లీ అడగకముందే.